చుక్కలు సరే, ముగ్గేదీ?

ధనుర్మాసం దగ్గర పడుతోందని బందరు రోడ్డులో ఒక ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్లాం, నేనూ మా ఆవిడా. టాబ్లెట్ కొంటున్నానంటే మా పెద్దాయన "బీపీదా, షుగర్‌దా?" అని అడిగాడు కాబట్టి ఇక్కణ్ణుంచి దాన్ని ట్యాబ్ అనే అందాం.

షాపులో గోడ పొడుగునా ట్యాబులు నిలబెట్టి ఉన్నాయి. అన్నిట్లోనూ ఒకటే రామచిలక. మన జామచెట్టు మీద వాలేది కాదు, విదేశీది. ఎర్రటి రెక్క విప్పితే ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. తర్వాత తేనె ధార. తర్వాత నీళ్లలో రంగు కరగడం. మళ్లీ చిలక. ట్యాబ్ కొన్నవాళ్లలో ఇంటికెళ్లి చిలకను చూసినవాడు ఒక్కడైనా ఉన్నాడా అని నాకు ఎప్పటినుంచో అనుమానం.

"ఇది ఓలెడ్ సార్. నలుపంటే అసలు నలుపు" అన్నాడు షాపు కుర్రాడు.

"అంటే?"

"నల్లగా ఉండాల్సిన చోట చుక్క మొత్తం ఆరిపోతుంది సార్. అమావాస్యే!"

ఇన్ని వేలు పోసి అమావాస్య కొనుక్కునే రోజులొచ్చాయన్నమాట. "ఒక పక్క పంచాంగం, ఇంకో పక్క ఇంటి జమాఖర్చు పెట్టుకుని చూసుకోవచ్చా?" అని అడిగాను. కుర్రాడు చిలక వంక చూశాడు. చిలక నా వంక చూసింది. "అప్‌డేట్‌లో వస్తుంది సార్" అన్నాడు.

మా ఆవిడ చీర కొంటే షాపు వాళ్ల లైట్లను నమ్మదు. చీర పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు బేరం మొదలెడుతుంది. ఆ అలవాటుతోనే అడిగింది: "చీరైతే ఎండలో చూస్తాం. దీన్ని ఎక్కడికి పట్టుకెళ్లి చూడాలి, బాబూ?"

ఆ ప్రశ్నకు షాపులో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఉంటే ఈ వ్యాపారమే లేదు. మేము మాత్రం కొన్నాం. చిలక మరీ అంత బాగుంది.

ఇంటికొచ్చాక మా ఆవిడ పెట్టె మీది అంకెలు చదివి, పిక్సెల్ అంటే ఏమిటంది. చుక్క అన్నాను. "చుక్కలు పెట్టడానికేముంది, మా చంటిది కూడా పెడుతుంది. కలిపినప్పుడు కదా తెలిసేది" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ట్యాబుల మీద ఇన్నేళ్లుగా వచ్చిన సమీక్షలన్నీ చదివినా నాకు బుర్రకెక్కనిది ఆ ఒక్క ముక్కతో ఎక్కింది. తెరంటే చుక్కలు. సాఫ్ట్‌వేరంటే కలిపే చెయ్యి.

చుక్కలు పెట్టడంలో ఆపిల్ వారిని మించినవాళ్లు లేరు. 2010 జనవరి 27న స్టీవ్ జాబ్స్ మొదటి ఐప్యాడ్‌ను చూపించినప్పుడు దాని తెర 1024 బై 768. అంటే 7.86 లక్షల చుక్కలు. అందులో కాలిక్యులేటర్ లేదు. 2012లో రెటీనా తెర వచ్చింది, 31 లక్షల చుక్కలు దాటాయి. కాలిక్యులేటర్ లేదు. 2017లో ప్రో రకం తెర సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చుకోవడం నేర్చింది. కాలిక్యులేటర్ నేర్వలేదు. 2021లో పెద్ద ఐప్యాడ్ ప్రో తెర వెనకాల 10 వేలకు పైగా బుల్లి దీపాలు వెలిగించారు, కార్తీక పౌర్ణమి లెక్కన. లోపల వాళ్ల కంప్యూటర్లలో వాడే ఎం1 చిప్పే పెట్టారు. క్షణానికి కోట్లకు కోట్లు లెక్కలు చేసే చిప్పు అది. పదీ ఇరవై కూడమంటే మాత్రం, లెక్కల మేష్టారింట్లో పలక లేనట్టు, వెతుక్కోవాలి.

2024 మే 7న రెండు ఓలెడ్ తెరలను ఒకదాని మీద ఒకటి పేర్చి కొత్త ప్రో తెచ్చారు. 13 అంగుళాల దాంట్లో 56.8 లక్షల చుక్కలు, మందం 5.1 మిల్లీమీటర్లు. మా ఇంట్లో మినపట్టు అంతకన్నా మందం. తెర మీద తెర వేశారు గానీ కాలిక్యులేటర్ ఇంకా తెర వెనకే ఉంది. ఆ జూన్‌లో ప్రకటించి, సెప్టెంబర్‌లో ఐప్యాడ్ ఓఎస్ 18తో దాన్ని బయటికి తెచ్చారు.

2010 నుంచి 2024. వేళ్ల మీద లెక్కపెట్టండి, అన్నాళ్లూ ఐప్యాడ్‌లో ఎలాగూ కుదరలేదు. పద్నాలుగేళ్లు. సరిగ్గా రాములవారి అరణ్యవాసం. ఆయన వచ్చేదాకా భరతుడు పాదుకలు పెట్టుకుని రాజ్యం నడిపినట్టు, ఐప్యాడ్ కొన్నవాళ్లు ఊరూపేరూ లేని కాలిక్యులేటర్లు దించుకుని, ప్రతి కూడికకూ ఒక ప్రకటన చూస్తూ సంసారం నడిపారు. 2020లో ఒక ఇంటర్వ్యూలో ఆపిల్ సాఫ్ట్‌వేర్ పెద్ద క్రెయిగ్ ఫెడరిగీని ఈ సంగతి అడిగితే, చేస్తే గొప్పగా చేయాలి, అందుకే ఇంకా చేయలేదు అనే అర్థం వచ్చేలా చెప్పారు. చేసుకుంటే రంభనే చేసుకుంటానని నలభై దాటినా సంబంధాలకు వంకలు పెట్టే పెళ్లికొడుకులు మన చుట్టాల్లోనూ ఉన్నారు కాబట్టి ఆ జవాబు మనకు కొత్తేమీ కాదు. న్యాయంగా చెప్పాలంటే వచ్చిన రంభ బాగానే ఉంది. పెన్సిల్‌తో లెక్క రాసి బరాబరు గుర్తు పెడితే, మన దస్తూరీని పోలిన అక్షరాల్లో జవాబు రాసి పెడుతుంది.

కడుపు మండేదేమిటంటే, ఇదే కంపెనీ 1984లో అమ్మిన మొదటి మాకింటోష్‌లో 9 అంగుళాల నలుపు తెలుపు తెర, 512 బై 342. మొత్తం 1.75 లక్షల చుక్కలు. అందులో కాలిక్యులేటర్ ఉంది! పక్కపక్కన పెట్టుకునే కిటికీలు, పైన మెనూ పట్టీ కూడా ఉన్నాయి. ఆ మెనూ పట్టీ ఐప్యాడ్‌కు దక్కింది 2025లో. మా అమ్మమ్మ పదకొండు చుక్కలతో నిండు ముగ్గు వేసేది. మనవడు మైదానం నిండా చుక్కలు పెట్టి, కలపడం వచ్చే ఏడు నేర్చుకుంటానన్నాడన్నమాట.

ఎందుకిలా జరుగుతుందో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, షాపు గోడ చాలు. తెర పది అడుగుల దూరం నుంచి కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ పది రోజులు వాడాక కనిపిస్తుంది. వెనక్కిచ్చే గడువు సాధారణంగా ఈ రెండింటికీ మధ్యలో ముగుస్తుంది. పైగా తెరకు అంకెలున్నాయి. మొన్నటికన్నా ఎక్కువ చుక్కలు, నిన్నటికన్నా ఎక్కువ వెలుగు అని బోర్డు రాసుకోవచ్చు. "ఈసారి ఫైలు పెట్టిన చోటే దొరుకుతుంది" అని ఏ కంపెనీ హోర్డింగ్ పెడుతుంది? పెడితే, ఇన్నాళ్లూ దొరకలేదా అని మనం అడగమూ?

ఇంతవరకూ చదివి, ఈయనకు తెరంటే గిట్టదనుకోకండి. తెలుగు చదివేవాడికి తెర విలువ ఇంగ్లీషు చదివేవాడికన్నా ఎక్కువ తెలుసు. 'ఐ' అనే ఇంగ్లీషు అక్షరానికి ఒక నిలువు గీత చాలు. మన 'లక్ష్మి' నిలబడాలంటే క కింద ష వత్తు, దాని పక్కన మ వత్తు, పైన గుడి. 'స్త్రీ' సంగతి సరేసరి. చుక్కలు తక్కువైన పాత తెరల మీద ఈ వత్తులన్నీ సంతలో తప్పిపోయిన పిల్లల్లా ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దగా ఉండేవి. రెటీనా వచ్చాక ఎవరి వత్తు వారికి దక్కింది.

తెర మరీ నాసిగా ఉంటే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 2011 అక్టోబర్ 5న అప్పటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో 'ఆకాశ్' ట్యాబ్‌ను విడుదల చేశారు. 35 డాలర్ల ట్యాబని ప్రపంచమంతా తలతిప్పి చూసింది. బిగింపు జరిగింది మన హైదరాబాద్‌లోనే. 7 అంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ మెమరీ. ఆ తెర రెసిస్టివ్ రకం. పైపొర వంగి కిందిపొరను తాకితేగానీ దానికి కబురందదు. అంటే ముట్టుకుంటే పలకదు, పొడవాలి. ఏడాది తర్వాత ఆకాశ్-2 వేలి స్పర్శకు పలికే తెరతో వచ్చింది. తలుపు తెరుచుకోని ఇంట్లో ఎంత వంట చేసినా ఒకటే. కాబట్టి తెర అక్కర్లేదని నేననను. తలుపు తెరుచుకున్నాక లోపల పొయ్యి వెలిగిందా అని మాత్రమే అడుగుతాను.

లోపల పొయ్యి వెలగకపోతే ఎలా ఉంటుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచానికి చూపించింది మన తెలుగే. 'జ్ఞా' అనే అక్షరం, ఒక ప్రత్యేకమైన కూర్పులో, మెసేజ్‌గా వస్తే చాలు, ఐఫోన్లు, ఐప్యాడ్‌లు, మ్యాక్‌లు బోర్లా పడ్డాయి. ఆ అక్షరం చూపించబోయిన యాప్ మూతపడేది. తెరిస్తే మళ్లీ మూతపడేది. ఆపిల్ వారు పరుగున ఐఓఎస్ 11.2.6 తయారుచేసి ఫిబ్రవరి 19న విడుదల చేశారు. జ్ఞానంలో మొదటి అక్షరానికే తట్టుకోలేకపోయింది, ఇంకా నయం, పూర్తి జ్ఞానం పంపలేదు! మీరు ఈ కాలమ్‌ను ట్యాబ్‌లో చదువుతూ ఇక్కడి దాకా వచ్చారంటే మీది అప్‌డేట్ అయినట్టే.

దాని కూర్పు చూడండి: జ, దాని కింద ఞ వత్తు, దీర్ఘం, మధ్యలో కంటికి కనిపించని ఒక కోడ్ గుర్తు. దాని వెడల్పు సున్నా. 56 లక్షల చుక్కలు పరిచినా దాన్ని చూపించలేరు, ఎందుకంటే చూపించడానికి అక్కడేమీ లేదు. అంత ఖరీదైన అద్దాన్ని పడగొట్టింది అద్దంలో పడనిది.

మన పిల్లల చేతుల్లోని ట్యాబుల కథా అదే దారి. 2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకూ వాళ్ల టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచింది. తెర 8.7 అంగుళాలు, లోపల బైజూస్ పాఠాలు. పాఠాలు కూర్చిన ఆ సంస్థ 2024 జులైలో దివాలా విచారణ గుమ్మం ఎక్కింది. తెరకు ఆ కబురు తెలియదు, అది పగలగొడితేగానీ పగలదు. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఆయుష్షు దాన్ని చూసుకునేవాళ్ల దయ మీద ఉంటుంది. మొదటి ఐప్యాడ్‌కు 2012లోనే కొత్త ఐఓఎస్ ఆగిపోయింది, రెండున్నరేళ్లకు. దాని తెర ఆ రోజు కూడా నిక్షేపంగా ఉంది. మా బాబాయి గారింట్లో అలాంటి పాత ట్యాబ్ ఒకటి దేవుడి గదిలో వెంకటేశ్వరస్వామి ఫోటో చూపిస్తూ కూర్చుంది. ఉద్యోగం పోయి ఉత్తరాయణం వైపు చూస్తున్న పెద్దమనిషిలా ఉంటుంది.

ఇక మా ట్యాబ్ సంగతి. ధనుర్మాసం మొదటి రోజు, తెల్లవారుజామున ఐదు. మా ఆవిడ వాకిలి కడిగి, ట్యాబ్‌ను తులసికోటకు ఆనించి, పదిహేను చుక్కల సందు చుక్క ముగ్గు ఒకటి తెర మీద తెరిచింది. చూడముచ్చటగా ఉంది. చిలకకు ఏమాత్రం తీసిపోదు. వంగి చుక్కలు పెట్టింది. నాలుగో వరుస కలుపుతుండగా తెర ఆరిపోయింది.

వేలు పెట్టింది. వేళ్ల నిండా ముగ్గుపిండి, అది గుర్తుపట్టలేదు. ముఖం చూపించింది. చీకట్లో ముఖం కనబడలేదు, వెలుతురులోకి రమ్మంది. చెయ్యి కొంగుకు తుడుచుకుని అంకెలు నొక్కింది. తెర వెలిగింది. ఐదో వరుసకు మళ్లీ ఆరింది.

"ఏమండీ!"

దుప్పటి తన్ని వెళ్లాను. సెట్టింగులు తెరిచాను. తెరకంటూ ఒక పేజీ ఉంది: వెలుగు, రంగుల వెచ్చదనం, సహజ వర్ణాలు, సజీవ వర్ణాలు, కంటికి హాయి. అన్నీ ఉన్నాయి. ఆరకుండా ఉండమనే మాట ఒక్కటే అక్కడ లేదు. బ్యాటరీలో వెతికాను, భద్రతలో వెతికాను, పాలవాడు వచ్చి వెళ్లిపోయాడు. నేను తలెత్తేసరికి మా ఆవిడ ట్యాబ్ వంక చూడటం మానేసి, పదిహేను చుక్కలూ తన లెక్క ప్రకారం కలిపేసి, చుట్టూ గట్టు గీతలు లాగుతోంది.

"షాపు కుర్రాడు అబద్ధం చెప్పలేదండీ, నలుపు అసలు నలుపే" అంది.

తెల్లారాక ఆ ముగ్గును అదే ట్యాబ్‌తో ఫోటో తీశాను. తెర మీద ఎంత బాగా వచ్చిందంటే, ఒక్కో చుక్కా లెక్కపెట్టుకోవచ్చు.