పిన్ని ఇంటి మీదుగా కారంచేడు

ఊరు వదిలి పోవడంలో మా చీరాల వైపు వాళ్ళకి పాత పేరుంది. చీరాలని, పేరాలని కలిపి తెల్లదొరలు మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెనక వేలమంది తట్టాబుట్టా సర్దుకుని ఊళ్ళోంచి బయటికి నడిచారు. రాంనగర్ అని పేరు పెట్టుకుని పాకల్లో ఏడాదికి దగ్గర దగ్గరగా కాపురాలు చేశారు. దీన్ని గురించి పుస్తకాల్లో చాలా రాశారు గానీ, అన్ని బళ్ళూ అంతమంది జనమూ ఒక్కసారే బయల్దేరితే దారిలో ఎంతసేపు ఆగాల్సొచ్చిందో నాకెక్కడా కనపడలేదు. నాకు కావాల్సింది మాత్రం అదే.

ఎందుకంటే నేనుండేది కూకట్‌పల్లి. పండక్కి వెళ్ళాల్సింది కారంచేడు. ఎక్కడది అంటే, సినిమాలు తీసిన రామానాయుడు గారి ఊరండీ అని చెబుతాం, అవతలివాళ్ళు ఓహో అంటారు. మూడొందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. మామూలు రోజుల్లో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం పప్పూ అన్నం వేళకి చేరొచ్చు. భోగికి ముందురోజు బయల్దేరితే ఏ పూట అన్నానికి చేరతామో పంచాంగం చూసి చెప్పాలి.

ఈసారి తెలివిగా వెళ్దామనుకుని చేసిన మొదటి తెలివితక్కువ పని, ఏ దారిన రమ్మంటారని చుట్టాల వాట్సాప్ గ్రూపులో అడగడం.

ముందు తెనాలి పిన్ని పలికింది. "విజయవాడ దాటంగానే దుగ్గిరాల మీదుగా తెనాలి వచ్చెయ్ నాన్నా. అక్కణ్ణుంచి పొన్నూరు, బాపట్ల, చీరాల. చక్కటి దారి. మా ఇంట్లో టిఫిన్లు చేసి వెళ్దురు గానీ. అక్కకి అరిసెల డబ్బాలు రెండు ఇస్తా, పట్టుకెళ్ళు."

రేపల్లె అత్తయ్య ఊరుకుంటుందా? "తెనాలిలో ఏముందిరా, మూడు కాలవలూ ముప్పై ఆటోలూ. నువ్వు విజయవాడ నుంచి అవనిగడ్డ పోయి, పులిగడ్డ దగ్గర వారధెక్కు. ఇవతల పెనుమూడి, ఆ పక్కనే రేపల్లె. అక్కణ్ణుంచి 216 హైవే. ఈగ కూడా ఉండదు." ఈగ ఉండకపోవచ్చు గానీ, నైరుతిలో ఉన్న ఊరికి ఆగ్నేయంగా పోవడం వాస్తు ప్రకారం కూడా తప్పే.

ఒంగోలు మావయ్యది పైలట్ బుర్ర. "నార్కట్‌పల్లి రోడ్డు పట్టుకుని అద్దంకి, మేదరమెట్ల దాకా వచ్చెయ్‌రా అల్లుడూ. కొరిశపాడు దగ్గర హైవే మీద విమానాలు దిగే జాగా కట్టారు, చూశావా? 2022 డిసెంబర్లో వాయుసేన వాళ్ళు ట్రయల్ కూడా వేశారు. విమానానికే ఖాళీ ఉన్న రోడ్డు మీద నీ కారుకి ఉండదా?" ఆ ఖాళీ కోసం ఆ రోజు ట్రాఫిక్కంతా పక్కకి మళ్ళించారని చెప్పబోయి ఊరుకున్నాను. మావయ్య పిల్లనిచ్చినవాడు.

నరసరావుపేట బావ ఒక్క ముక్కలో తేల్చాడు. "వాళ్ళ మాటలు పట్టించుకోకు. మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, పేట. బైపాస్ దగ్గర నేనే నించుంటా."

అప్పుడు వెలిగింది నాకు. మనవాళ్ళు చెప్పే దారి ఏదైనా వాళ్ళింటి గుమ్మం ముందునుంచే పోతుంది. గూగుల్ మ్యాపుకి ఎక్కడా ఇల్లు లేదు గనక దాన్నే నమ్ముదామనుకున్నా. అందులో అమ్మాయి కారంచేడుని "కారం చేదు" అంది. మా ఊరి కారం రుచి తెలియని పిల్ల దారేం చెబుతుంది?

చివరికి నాకు దారి చూపింది మూసీ నది. నవ్వకండి. హైదరాబాదు నడిబొడ్డున పుట్టెడు కష్టాలు పడే ఆ మూసీ, ఊరు దాటాక నల్గొండ జిల్లాలోకి జారుకుని, మిర్యాలగూడ అవతల వాడపల్లి దగ్గర గుట్టుగా కృష్ణలో కలుస్తుంది. అగస్త్యేశ్వరుడి గుడి ఉన్న సంగమం అదే. అక్కణ్ణుంచి పులిచింతల, ప్రకాశం బ్యారేజీ, పశ్చిమ కాలవ, దుగ్గిరాల లాకులు, అవి దాటితే పెదగంజాం వైపు పోయే కొమ్మమూరు కాలవ. అంటే మా ఆయకట్టు! లాంచీలూ పడవలూ తిరిగిన రోజుల్లో మా వైపు సరుకు ఆ కాలవ మీదుగా బకింగ్‌హాం కాలవలో పడి మద్రాసు దాకా పోయేది. ఎవరూ హారన్ కొట్టేవారు కాదు. మూసీ నీళ్ళు ఏ చుట్టాన్నీ అడక్కుండా, ఏ యాపూ చూడకుండా మా పొలాల వైపు వస్తున్నాయంటే వాటికేదో తెలిసుండాలి. వాడపల్లి మీదుగా వెళ్దామని తీర్మానించాను.

"మూసీకి పిల్లల్లేరు, లగేజీ లేదు" అంది మా ఆవిడ.

రద్దీ తప్పించుకోవడానికి తెల్లవారుజామున మూడింటికి ఇల్లు కదిలాం. ఊళ్ళో పడితే ఎల్బీనగర్ దాటేసరికి తెల్లారుతుందని ఔటర్ ఎక్కాం. ఆ ఔటర్ మొత్తం 158 కిలోమీటర్లు. ఊరిని తప్పించుకోవాలంటే ఊరికే ప్రదక్షిణ చేయాలని మన పెద్దలు, అంటే ఇంజినీర్లు, ఏనాడో కనిపెట్టారు. సగం ప్రదక్షిణ పూర్తి చేసి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగేసరికి హైవే మీద ఎర్ర లైట్లు దీపావళిలా వెలుగుతున్నాయి. మూడింటికి లేస్తే ఎవరూ ఉండరన్న ఆలోచన ఆ రాత్రి జంటనగరాల్లో ప్రతి కొంపలోనూ పుట్టినట్టుంది. పొద్దున పదింటికి బద్ధకంగా లేచి బయల్దేరిన మా పక్క ఫ్లాటాయన నాకంటే తక్కువ సేపట్లో గుంటూరు చేరాడని తర్వాత తెలిసింది. ఆయన ఎవర్నీ దారి అడగలేదట.

సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు ఫొటో పేపర్లో పడకపోతే తెలుగువాళ్ళకి పండగొచ్చినట్టుండదు. ఆ రద్దీలో మాది కూడా ఒక చెయ్యి. మా వంతు వచ్చేసరికి ఫాస్టాగ్‌లో డబ్బుల్లేవు. వారం క్రితం నింపమని మా ఆవిడ చెప్పింది, నేను దారి పరిశోధనలో ఉండి మర్చిపోయాను. ఫోన్లో రీఛార్జి తిరుగుతూ ఉంది, వెనక హారన్లు మోగుతూ ఉన్నాయి, మావాడు సీట్లో కిందికి జారి మొహం దాచుకున్నాడు. ఆ కాసేపట్లో నేను విన్న మాటల్లో మా ఇంటాడవాళ్ళ ప్రస్తావనే ఎక్కువ.

నార్కట్‌పల్లి దగ్గర కుడికి తిరిగాక నిజంగానే ప్రాణం లేచొచ్చింది. నల్గొండ, మిర్యాలగూడ రైసు మిల్లులు, వాడపల్లి. వంతెన మీద మంచు విడుతోంది. "అదుగో, మూసీ కలిసేది అక్కడే" అని మావాడికి చూపించా. వాడు ఫోన్లోంచి తలెత్తి "నాన్నా, మనకంటే ముందు బయల్దేరిందా?" అన్నాడు.

పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు దాటి పేట బైపాస్ చేరేసరికి బావ అన్నట్టే నించునున్నాడు. కాఫీ తాగి వెళ్దురు గానీ అన్నాడు. ఆ కాఫీలోకి ఇడ్లీ, ఇడ్లీలోకి కారప్పొడి, ఆ తర్వాత పెసరట్టు, దాని వెనక కొత్తగా కొన్న స్థలం చూపించడం. పంతంగిలో కంటే పేట కాఫీ దగ్గరే ఎక్కువసేపు ఆగాం. ఫాస్టాగ్ లేని గేటది.

చిలకలూరిపేట, పర్చూరు. ఇక ఇంటికొచ్చేశాం అనుకుంటుండగా ముందు వరిగడ్డి ట్రాక్టరు. గడ్డి ఆ చివర నుంచి ఈ చివర దాకా రోడ్డంతా పరుచుకుని, పెళ్ళికూతురి పల్లకీలా ఊగుతూ పోతోంది. పక్కనుంచి దూరడానికి పిల్లికి కూడా సందు లేదు. వెనక చూస్తే పది కార్లు, అన్నీ హైదరాబాదు నంబర్లే. నార్కట్‌పల్లి దగ్గర తెలివి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాదన్నమాట. ఒకచోట ట్రాక్టరు ఆగితే డ్రైవరు దిగి బీడీ ముట్టించి పలకరించాడు.

"ఎక్కణ్ణుంచి బాబాయ్?"

"హైదరాబాదు."

"ఏ దారిన?"

చెప్పాను. జాలిగా చూశాడు. "అయ్యో, సాగర్ మీదుగా రావాల్సింది. మా బావమరిదిది మాచర్లే."

ఇంటికి చేరేసరికి ముగ్గులేసే వేళయింది. రైల్లో వచ్చి చీరాల్లో దిగిన చెల్లెలు వాళ్ళు పొద్దున్నే తలంట్లు పోసుకుని ఓ కునుకు కూడా తీశారు. పెదనాన్న అరుగు మీద కూచునున్నాడు. నా ప్రయాణం, వాడపల్లి, మూసీ, కొమ్మమూరు కాలవ అంతా ఓపిగ్గా విన్నాడు. చేను కాలవ చివర్న ఉన్న రైతు ఆయన.

"ఎందుకు రాదురా, వస్తది. దుగ్గిరాల లాకుల దాకా వస్తది. శివారుకొచ్చేసరికి పైన ప్రతోడూ తన చేలోకి ఓ తూము పెట్టుకుని, కాసేపు ఆగిపో అంటాడు" అన్నాడు. "నువ్వు నయం, ఇవాళ్టికైనా వచ్చావు. కాళ్ళు కడుక్కో. ఇంతకీ పిన్ని ఫోన్ చేసింది, అరిసెలేయి?"