గడి ఖాళీగా వదలరాదు

పలాస మనిషినో, బొబ్బిలి మనిషినో ఆపి "మీదే దిక్కు?" అని అడిగితే పాపం దిక్కు తోచదు. పత్రికల్లో అతడిది ఉత్తరాంధ్ర. కుల ధ్రువపత్రంలో చాలాసార్లు తూర్పు కాపు. 2019లో విశాఖ కేంద్రంగా ప్రకటించిన రైల్వే జోన్ పేరేమో దక్షిణ కోస్తా. నాలుగు దిక్కుల్లో మూడు ఇలా పంచేశారు. పడమర ఒక్కటే మిగిలింది. అటు కొండలున్నాయి, వాటి గొడవ వేరు.

ఇంతకీ ఉత్తరం అంటే దేనికి ఉత్తరం? మద్రాసులో కూర్చున్న దొరలకు ఈ జిల్లాలు ఉత్తర సర్కారులు. తరువాత 1953లో రాజధాని కర్నూలుకు వెళ్లింది, 1956లో హైదరాబాద్‌కు వెళ్లింది, ఆపైన అమరావతికి దిగింది. రాజధాని ఎన్ని ఊళ్లు తిరిగినా శ్రీకాకుళం, అదే మన సిక్కోలు, మాత్రం ఎవరో ఒకరికి ఉత్తరంగానే ఉండిపోయింది. ముఖలింగంలో గాంగరాజులు ఏలిన రోజుల్లో ఇదే కళింగ దేశానికి నడిబొడ్డు. అందుకే ఇక్కడి రచయితలు కళింగాంధ్ర అని రాసుకుంటారు. ఆ మాట ఇంకా ఏ దరఖాస్తు గడిలోకీ ఎక్కలేదు.

దరఖాస్తు మహిమ తెలియాలంటే హైదరాబాద్ వలస వెళ్లినవారిని అడగాలి. 2014లో తెలంగాణ ప్రభుత్వం బీసీ జాబితా నుంచి 26 కులాలను తీసేసింది. తూర్పు కాపు, కొప్పుల వెలమ, కాళింగ అందులో ఉన్నాయి. భవనాలు కట్టడానికి వెళ్లి అక్కడే పిల్లల్ని కన్న కుటుంబాలు బీసీలుగా పడుకుని ఓసీలుగా లేచాయి. గుడిసె మారలేదు, కూలి మారలేదు, యాస అసలే మారలేదు. కులం పుట్టుకతో వస్తుందని శాస్త్రాలు చెప్పాయి గానీ, ఫలక్‌నుమా రైలు టిక్కెట్టుతో కూడా వస్తుందని, పోతుందని చెప్పలేదు. పలాసలో దిగితే బీసీ, సికింద్రాబాద్‌లో దిగితే ఓసీ.

ఇక ఆ పడమటి కొండలు. సాలూరు పైన కొఠియా గ్రామాలు 21 ఉన్నాయి. మావంటే మావని ఆంధ్ర, ఒడిశా పట్టుబట్టడంతో వ్యవహారం 1968లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కింది. యథాతథ స్థితి అన్నారు. అక్కడి గిరిజనులు ఆ మాటను అక్షరాలా పాటిస్తున్నారు. చాలామందికి రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అధికారులు పంచాయతీ ఎన్నికలు పెడితే, మా ఊళ్ల పేర్లు మార్చి మరీ పెట్టారని ఒడిశా కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. వాళ్ల గంజాయిపదర్ వీళ్ల గంజాయిభద్ర. ఆ మరుసటేడు, 2022 ఏప్రిల్ 4న, ఈ వైపు జిల్లా పేరు కూడా మారింది. విజయనగరం పోయి పార్వతీపురం మన్యం వచ్చింది. కొండ మీదివాడు కదలకుండా కూర్చునే ఇన్ని చిరునామాలు సంపాదించాడు.

సముద్రం దాటినవాడి సంపాదన ఇంకా ఎక్కువ. బరువ, కళింగపట్నం, భీమిలి రేవుల నుంచి రంగూన్ వెళ్లిన కూలీని బర్మాలో "కోరంగీ" అన్నారు. కోరంగి కాకినాడ పక్క రేవు. మనవాడు ఆ ఊరు చూసి ఉండకపోవచ్చు, అయినా పేరు మాత్రం మోశాడు. 1930 మేలో రంగూన్ రేవులో అల్లర్లు రేగి తెలుగు కూలీలను చంపినప్పుడు ఏ ఊరు మీదని ఎవరూ అడగలేదు, కోరంగీ అయితే చాలు. 1942లో జపాన్ బాంబులకు భయపడి అడవులు పట్టి నడిచి ఇంటికొస్తే ఇక్కడ "బర్మావోళ్లు" అయ్యారు. విశాఖలో బర్మా క్యాంపు పేరు ఇప్పటికీ అలాగే ఉంది. మలయాలో మరో చిత్రం. "కళింగ" నుంచి పుట్టిన "కెలింగ్" అనే మాట మొత్తం దక్షిణాది వారికి అంటుకుంది. పెనాంగ్‌లో కపితాన్ కెలింగ్ మసీదు దర్జాగా నిలబడింది. అదే మాట మనిషిని అంటే మాత్రం తిట్టు.

ఇది మన ఒక్కరి తలరాతే అనుకుని కుమిలిపోనక్కర్లేదు. అమెరికాలో 1970 జనగణనలో స్పానిష్ మూలాల వారిని లెక్కించడానికి కొందరికి "మధ్య లేదా దక్షిణ అమెరికా" అనే గడి ఇచ్చారు. అమెరికా దేశపు మధ్య రాష్ట్రాల వాళ్లు, దక్షిణ రాష్ట్రాల వాళ్లు "మేమే కదా" అని లక్షల్లో టిక్కు పెట్టేశారు. అదే లెక్కలో భారతీయుల్ని తెల్లవారిలో కలిపారు. సిక్కోలు ఎండలో కాగినవాడికీ ఆ ఒక్క పదేళ్లు తెల్లరంగు దక్కింది. 1980లో "హిస్పానిక్" ప్రశ్న అందరికీ వేశారు, "ఏషియన్ ఇండియన్" అనే గడీ తెరిచారు. ఆ తరువాత "లాటినో" వచ్చింది, పండితులు "లాటినెక్స్" కనిపెట్టారు. అది తమ పేరుగా వాడుతున్నది వందకు నలుగురేనని 2024లో ప్యూ పరిశోధన సంస్థ సర్వే తేల్చింది. ఎక్కువమంది మాత్రం ఇప్పటికీ తాతలనాటి దేశం పేరు చెప్పి మెక్సికన్, క్యూబన్ అంటున్నారు. విజయనగరం వాడు హైదరాబాద్ బస్తీలో "మాది ఇజీనారం" అన్నట్టే.

ఇప్పుడు మన వంతు. 2027 జనగణనలో కులం కూడా అడుగుతారు. కాగితం కాదు, మొబైల్ యాప్. కొఠియాకు లెక్కరాసేవారు కొండకు ఏ పక్క నుంచి ఎక్కుతారో చూడాలి. తక్కిన సిక్కోలు, ఇజీనారం పాఠకులకు ఒకటే మనవి. వచ్చినవారికి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టండి. అన్నీ చెప్పాక, వాళ్లు లేచేలోగా "ఏటి బావూ, మమ్మల్ని ఏటని రాసినావు?" అని అడిగి, ఆ తెర ఒకసారి మీవైపు తిప్పించుకుని చూడండి.