మామ్మ మూటలోని 1911

పాతదైతే చాలు, విలువైనదే అనుకున్నాను. ఈ ఒక్క తప్పుడు లెక్కతో మా ఇంట్లోని అసలు నాణేలు కరిగిపోయాయి, నకిలీ బిళ్ళ బీరువాకెక్కింది. మా ఇంట్లో ఉన్నటువంటి మూటలు మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంకా ఎన్నో ఇళ్ళలో ఉన్నాయి. అందుకే సిగ్గు విడిచి రాస్తున్నాను.

మా తాత రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళి కూలి చేసినవాడు. ఆ రోజుల్లో రంగం ఓడెక్కినవాళ్ళు మా తీరంలో ఊరూరా ఉండేవారు. 1937 దాకా బర్మా ఇండియాలో భాగమే, అక్కడా మన రూపాయే చెల్లేది. 1942లో జపాను సైన్యం వచ్చిపడితే తాత ఇల్లు చేరాడు. నడుముకి కట్టి తెచ్చిన వెండి రూపాయల్ని మామ్మ గుడ్డలో మూటకట్టి ట్రంకుపెట్టె అడుగున దాచింది. తరవాత అందులో బేడలు, చిల్లు కానీలు చేరాయి. ఎన్ని ఇబ్బందులొచ్చినా ఆవిడ ఆ మూట విప్పలేదు.

విప్పింది నేను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టేసింది. కొబ్బరి మళ్ళీ నాటితే కాపుకి ఏళ్ళు పడుతుంది, అప్పులవాళ్ళు అన్నాళ్ళు ఆగరు. మామ్మ అప్పటికే లేదు. రూపాయల్ని విభూదితో రుద్దాను, కానీల్ని చింతపండుతో తోమాను. మెరిస్తే ధర ఎక్కువ వస్తుందనుకున్నాను. కాలం పెట్టిన ఆ నల్లటి పొరే నాణెం సహజంగా ఉందనడానికి గుర్తని, దాన్ని తోమేస్తే సేకరించేవాళ్ళు వెనక్కి తగ్గుతారని నాకు తెలియదు. తెలిసినవాళ్ళని అడగనూ లేదు. పలాసలో పుట్టినవాణ్ణి. జీడిపప్పులో 180 నంబరు గుండుకీ 320 నంబరుకీ తేడా చీకట్లో చేత్తో తడిమి చెప్పగలను. నాణేలకీ అలాంటి తరగతులుంటాయన్న ఆలోచనే రాలేదు.

ఒక్క పని మాత్రం చేశాను. నోటుబుక్కులో సంవత్సరాలు రాసుకున్నాను: 1862, 1877, 1905, 1911, 1918... తరవాత వాటిని కాశీబుగ్గలో వెండి కొట్టుకి పట్టుకెళ్ళాను. ఒక్కో రూపాయి తులం, అంటే 11.66 గ్రాములు. నూటికి 91 పాళ్ళ పైన వెండి. కొట్టువాళ్ళు తూకానికి తగ్గ న్యాయమైన ధరే ఇచ్చారు. తప్పు వాళ్ళది కాదు.

అమ్మకుండా ఉంచుకున్నదేమిటంటే, ఒక జాతరలో కొన్న రాగి బిళ్ళ. ఒకవైపు సీతారాముల పట్టాభిషేకం, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, అర్ధణా, 1818. కంపెనీవాళ్ళు మద్రాసులో విష్ణువు, ఇద్దరు దేవేరులు ఉన్న 'మూడు స్వాముల వరహా' నిజంగానే ముద్రించారని ఎక్కడో చదివి ఉన్నాను. కాబట్టి రాముడి అర్ధణా కూడా నిజమేనని నమ్మాను. లాక్‌డౌన్ రోజుల్లో దానికి లక్షలిస్తామని ఫోన్ వచ్చింది. ముందు రిజిస్ట్రేషన్ అన్నారు, తరవాత జీఎస్టీ, ఆపైన రిజర్వు బ్యాంకు అనుమతి. అడిగినప్పుడల్లా పంపాను. వెండి అమ్మిన డబ్బులో మిగిలిందీ అలాగే పోయింది. పాత నాణేల కొనుగోళ్ళతో తమకు సంబంధం లేదని, తాము ఏ రుసుమూ అడగమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న ప్రకటించింది. అది చదివేసరికి నా చేతిలో ఏమీ లేదు.

తరవాత విశాఖలో నాణేల ప్రదర్శనకి వెళ్ళి, ఒక పెద్దాయనకి ఆ బిళ్ళా, నోటుబుక్కూ చూపించాను. బిళ్ళని ఆయన చేతిలోకి కూడా తీసుకోలేదు. ఆ బొమ్మతో కంపెనీ ఏ అర్ధణా ముద్రించలేదని, అలాంటివి ఈ కాలంలో తయారై సంతల్లో తిరుగుతున్నాయని చెప్పారు. అన్నిటికంటే పాతదని నేను గర్వపడిన 1862 రూపాయి సులువుగా దొరికేదేనట. 1874 దాకా కొట్టిన రూపాయలన్నిటి మీదా అదే 1862 వేశారు. చిల్లు కానీ యుద్ధకాలంలో రాగి పొదుపు కోసం 1943 నుంచి కోట్లలో వచ్చింది. అదీ అరుదు కాదు.

1911 దగ్గర ఆయన వేలు ఆగింది. ఆ ఏటి రూపాయిలో అయిదో జార్జి అంగీ మీది ఏనుగు తొండం పొట్టిగా ఉండి పందిలా కనబడింది. ముస్లిములు అభ్యంతరం చెప్పారు. దాదాపు 94 లక్షలు ముద్రిస్తే బయటికి వెళ్ళినవి 7 లక్షలేనని, మిగిలినవి కరిగించారని, 1912 నుంచి బొమ్మ సరిదిద్దారని చెప్పారు. నేను వెండి లెక్కన నాలుగు వందల చిల్లరకి ఇచ్చేసిన ఆ రూపాయికి సేకరించేవాళ్ళు వేలు ఇస్తారు. వేలేనా అంటే, వేలే. లక్షలు పలికేది 1939 రూపాయి. మరుసటి ఏడు వెండి సగానికి తగ్గించడంతో మంచి వెండి ఉన్న ఆ రూపాయలు కరిగిపోయి, బయట దాదాపు కనబడకుండా పోయాయి.

వయసుతోనే ధర రాదనడానికి ఇంకో ఉదాహరణ: ఒకప్పుడు శ్రీముఖలింగం రాజధానిగా ఏలిన గంగరాజుల ఫణాలనే చిన్న బంగారు నాణేలు అర గ్రాము కూడా తూగవు. నందిబొమ్మ, వెనక పాలనా సంవత్సరం అంకె. సుమారు 800 ఏళ్ళ నాటివి కూడా కొన్ని వేలకే దొరుకుతాయి. ఎన్ని మిగిలాయి, ఎంత చెక్కుచెదరకుండా ఉన్నాయి, కోరుకునేవాళ్ళు ఎందరు అన్నదే ధర. వయసుది ఆ తరవాతి స్థానం.

డబ్బు పోయిందన్న బాధ నాకు తగ్గింది. తాత నడుముకి కట్టి తెచ్చిన రూపాయి మా పిల్లలకి చూపించడానికి ఒక్కటీ లేదన్న బాధ మాత్రం తగ్గలేదు.

మీ ఇంట్లో మూట ఉంటే తోమకండి. సంవత్సరం, దాని కింద టంకశాల గుర్తుగా చుక్క ఉందో లేదో రాసుకుని, నాణేలు తెలిసిన ఇద్దరు ముగ్గురికి చూపించండి. పొలంలో దొరికితే దాచుకోకండి, 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకి తెలియజేయాలి. కొంటామంటూ ముందు డబ్బు అడిగినవాడు మోసగాడే. ఇప్పటికే పంపి ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి.