పితూరీ

మొన్న వేసవిలో మనుమనిని, మనుమరాలిని వెంటబెట్టుకొని, అల్లూరి సీతారామరాజు సమాధిని చూపింపవలెనను సదుద్దేశముతో నర్సీపట్నమున బస్సెక్కి కృష్ణదేవిపేటకు బయలుదేరితిని. పొలిమేర దాటకమునుపే "తాతా, అన్న నన్ను గిల్లీసేడు" అని మనుమరాలు పితూరీ తెచ్చెను. ఉభయపక్షముల వాదమును ఆలకింపవలసిన న్యాయాధిపతినగు నేను, పెద్దరికమునకు శోభనిచ్చు మౌనమును వహించి, కన్నులు మూసికొని కునుకు నటించితిని. ముమ్మారు విన్నవించుకొని విసిగిన ఆ బాలిక మరచెంబు మూత విప్పి అన్న నెత్తిన కుమ్మరించెను. గురి తప్పిన సగము నా పంచెను తడిపెను.

ఆ తడిపంచెతోనే సమాధిచెంత నిలిచి, "1924 మే 7న కొయ్యూరులో తుపాకికి బలియైన ఈ మహావీరుడే మన్యం పితూరీని నడపినవాడు" అని ఉపన్యసించితిని.

"రాజుగారు ఎవరిమీద పితూరీ చెప్పేరు తాతా?" అని మనుమడు అడిగెను. నా వాగ్ధాటి అక్కడితో ఆగిపోయెను.

వాని సందేహము సబబే. అరబ్బీలో 'ఫుతూర్' అనగా సడలుట, నీరసించుట. భోజనానంతరము నాకు కలిగెడి స్థితి. ఆ నీరసమే పారసీక హిందుస్థానీల మీదుగా వచ్చుచు, దారిలో బలము పుంజుకొని, లోపమై, కలతయై, అలజడియై, తుదకు దొరల దఫ్తరములకెక్కి తిరుగుబాటయ్యెను. 1879 నాటి రంప కలహమును సైతము వారు పితూరీ అనియే వ్రాసికొనిరి. ఫకారము మన నోట పకారముగా మారి, ఆ మాటయే ఇండ్లలో చొరబడి చాడీయై స్థిరపడినది. కావున తెలుగువాడు పితూరీ చెప్పవచ్చును, పితూరీ చేయవచ్చును; క్రియ మారినచో శిక్ష మారును.

అలజడి యనిరి గాని, సీతారామరాజు నడపిన అలజడియందు ఎంతటి క్రమము! 1922 ఆగష్టు 22న చింతపల్లి, 23న ఈ కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. దినమున కొక్క ఠాణాపై దాడి, పంచాంగము చూచి పెట్టుకొన్నట్లు. పిమ్మట మిరపకాయ టపాతో ముందుగా కబురంపి మరీ వచ్చుట ఆయన పద్ధతి. చింతపల్లిలో తీసికొనిపోయిన ఆయుధములకు పట్టీ వ్రాసి, క్రింద సంతకము సైతము చేసెనట! మా ఇంటి పద్దుపుస్తకమునందు ఇంతటి క్రమము ఏనాడును లేదు.

మరి ఆయన వెంట నడచినవారు అంతకుమునుపు పితూరీ చెప్పుకొనలేదా? అడవి చట్టములు పోడుకు అడ్డువచ్చుచున్నవని చెప్పుకొనిరి. ఘాటీ రోడ్డు పనికి న్యాయమైన కూలి ముట్టుటలేదని మొరపెట్టుకొనిరి. ఆలకింపవలసినవారు నావలెనే కునుకు నటించిరి. చెప్పిన పితూరీని చెవిని పెట్టనిచోటనే చేసెడి పితూరీ పుట్టునని, నిఘంటువులు చెప్పని ఈ వ్యుత్పత్తిని నా పంచె నాకు బోధించినది.

తిరుగు ప్రయాణమున బస్సు కదలకమునుపే గిల్లుడు వ్యాజ్యమును మొదటినుండి విచారించి తీర్పు చెప్పితిని. చదువరులారా, పిల్లల పితూరీలు ఆలకింపుడు, పంచెలు పొడిగానుండును.