కత్తెర గుర్తుకే మన ఓటు

వార్డు కౌన్సిలర్‌గా నిలబడతానని ఇంట్లో చెప్పగానే మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మనకి పిల్లలెంతమంది?" ఇద్దరని ఆవిడకీ తెలుసు. "మూడోవాడు కూడా పుట్టి ఉంటే ఈ ఖర్చు తప్పేది" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. అప్పట్లో ఇద్దరికి మించి సంతానం ఉంటే మన రాష్ట్రంలో స్థానిక ఎన్నికల్లో నిలబడటానికి వీల్లేదు. 2024 నవంబరులో శాసనసభ ఆ అడ్డు తీసేసింది. ముగ్గురు పిల్లలున్న మా పక్కింటాయన ఆ రోజు నుంచీ ఖద్దరు చొక్కా వేసుకు తిరుగుతున్నాడు.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా జీవితమంతా లెక్కలు రాసినవాణ్ణి. కాటా దగ్గర ఎంత తూగింది, తరుగు ఎంత పోయింది, హమాలీ ఎంత, కమీషన్ ఎంత, చివరికి రైతు చేతిలో పడిందెంత అన్నది పైసలతో సహా తేల్చేవాణ్ణి. మా ఊరు సాగర్ కుడి కాలువ నీళ్లతో మంచినీళ్ల చెరువు నింపుకునే ఒక చిన్న మునిసిపాలిటీ. దాని పద్దులు చూశాక నాకు నిద్ర పట్టలేదు. మిర్చి టిక్కీ మూతి విప్పితే పైన నిగనిగలాడే తేజ కాయ, చెయ్యి అడుక్కి పోనిస్తే తాలు. బడ్జెట్ పుస్తకమూ అచ్చం అట్టాగే ఉంది. ఎవరో ఒకరు చెయ్యి లోపలికి పోనివ్వాలి కదా అని నామినేషన్ వేశాను.

వేసింది 2020 మార్చిలో. నామినేషన్లు అయ్యీ కాకముందే కరోనా వచ్చిపడింది. మార్చి 15న అప్పటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్ గారు ఆరు వారాలు వాయిదా అన్నారు. ఆ ఆరు వారాలు సాగి సాగి, పోలింగు 2021 మార్చి 10న జరిగింది. ఏడాది పొడుగునా అభ్యర్థిగా బతకడం పగవాడిక్కూడా వద్దు. మాస్కుల వెనక ఎవరు మన వార్డో ఎవరు పక్క వార్డో తెలియదు కాబట్టి కనపడ్డ ప్రతివాడికీ దణ్ణం పెట్టాలి. కూరగాయల బండి దగ్గర బేరమాడకూడదు. పాలు పల్చగా ఉన్నాయని అనకూడదు. పొదుపు నా ప్రచారాంశం, నేను మాత్రం ఆ ఏడాది మొత్తం అడిగిన రేటుకి కొన్నాను.

ఇండిపెండెంట్లకిచ్చే గుర్తుల్లో నాకు కత్తెర దక్కింది. దుబారా కోసేవాడికి ఇంతకంటే మంచి గుర్తేముంటుందని పొంగిపోయాను. మొదటి రోజే ఒక ముసలమ్మ కరపత్రం తిప్పి చూసి, "పింఛను కోస్తావా అయ్యా?" అంది. కాదమ్మా, ఖర్చులు కోస్తానన్నాను. "ఎవరి ఖర్చులు?" అని అడిగింది. ఆ ఎన్నికల్లో నన్ను ఎవరైనా సూటిగా అడిగిన ఆర్థిక ప్రశ్న అదొక్కటే.

నా మేనిఫెస్టో ఒక్క కాగితం. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. దాన్ని పట్టుకుని ముందుబజారు పిన్ని గారింటికి వెళ్లాను.

"మునిసిపాలిటీలో దుబారా తగ్గిస్తాను పిన్నీ."

"తగ్గించు నాయనా. వెనకబజారుకి మొన్ననే సిమెంటు రోడ్డేశారా, మళ్లీ పైపులకని తవ్వారు. డబ్బంతా మట్టిపాలు. అది సరే గానీ, మా సందులో లైటు ఎప్పుడేయిస్తావు?"

వెనకబజారులో బాబాయి వరసాయన నా కాగితం మొత్తం చదివాడు. అంతా చదివిన ఓటరు ఆయనొక్కడే. "భేష్ అబ్బాయా. ముందుబజారులో పట్టపగలు కూడా లైట్లు వెలుగుతుంటాయి, ఆ కరెంటు బిల్లు ముందు కొయ్యి. కోసి, మిగిలిన డబ్బుతో మా సైడు కాలవ మీద బండలు పరిపించు."

వార్డంతా తిరిగాక తేలిందేమిటంటే, పొదుపుకి వ్యతిరేకి ఒక్కడంటే ఒక్కడు లేడు. అందరూ పక్క సందులో పొదుపుకి సిద్ధంగా ఉన్నారు.

మునిసిపాలిటీకి సొంతంగా వచ్చేదెంతని? ఇంటి పన్ను, ఖాళీ స్థలం పన్ను, కుళాయి పన్ను, సంతలో ఆశీలు, షాపుల అద్దెలు. మిగతాదంతా పైనుంచి రావాల్సిందే, ఆర్థిక సంఘం నిధుల్లో కొంత భాగానికైతే దేనికి ఖర్చు పెట్టాలో కూడా పైవాళ్లే ముడేసి పంపిస్తారు. 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకని 18 పనుల జాబితా అయితే రాసిచ్చింది. డబ్బు జాబితా రాయడం మర్చిపోయింది. అందుకని నేను షాపుల అద్దెల మీద పడ్డాను. ఎప్పుడో తక్కువకి పాడుకున్న షాపులు. మునిసిపాలిటీకి కట్టేది వందల్లో, లోపల కూర్చున్నవాడి దగ్గర పిండేది వేలల్లో. మళ్లీ బహిరంగ వేలం పెట్టాలని మైకులో అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఆ షాపుల్లో ఒకటి మా బావమరిది పేరున ఉందన్న సంగతి ఆ రాత్రి కంచం ముందు కూర్చున్నాక గానీ గుర్తు రాలేదు. కంచంలో ఏమీ లేదు.

సరిగ్గా అప్పుడే ఇంటి పన్ను పద్ధతి మారుతోంది. అద్దె విలువ లెక్క పోయి 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి విలువ మీద పన్ను, పెంపు మాత్రం ఏడాదికి 15 శాతం మించదన్నారు. దాన్ని గురించి ఒక రిటైర్డు మాస్టారి అరుగు మీద నేను ఉపన్యాసం మొదలెడితే ఆయన చీరాల–పేరాల కథ అందుకున్నారు. 1919లో ఆ రెండూళ్లనీ కలిపి మునిసిపాలిటీ చేస్తే, నాలుగు వేల దగ్గరున్న పన్ను నలభై వేల దాకా ఎగబాకింది. మాకీ హోదా వద్దు మహాప్రభో అన్నారు జనం. దొరలు వినలేదు. ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ముందు నడిచారు. 1921 ఏప్రిల్‌లో గాంధీ గారు చీరాల వచ్చి, పన్ను కట్టకుండా నిలబడటం ఒక దారి, ఊరే వదిలిపోవడం ఇంకో దారి అన్నారు. వేలాది మంది ఇళ్లకి తాళాలేసి పొలిమేర అవతల పందిళ్లలో రామనగర్ కట్టుకుని పదకొండు నెలల దాకా ఉన్నారు. ఎండకి ఎండి, వానకి తడిసి. (ఆ చీరాల అప్పుడు గుంటూరు జిల్లా, 1970లో ఒంగోలు, 1972లో దాని పేరే ప్రకాశం, 2022లో బాపట్ల. ఊరు కదలకపోయినా జిల్లాలు కదులుతూనే ఉన్నాయి.)

"వాళ్లు మునిసిపాలిటీ వద్దని ఊరొదిలారు. ఇప్పుడు ప్రతి మేజరు పంచాయతీ వాడూ మమ్మల్ని మునిసిపాలిటీ చెయ్యమంటాడు" అన్నారు మాస్టారు. "మరి మీరు నాకే వేస్తారు కదా?" అన్నాను ఆశగా. "నా ఓటు పక్క వార్డులో ఉంది నాయనా" అన్నారు.

పోలింగు ముందు రాత్రి సందుల్లో ఏం పంచారో చెప్పి నా పరువు తీసుకోను. నేనైతే జమాఖర్చుల కాగితం ఇంకోసారి పంచాను. మార్చి 14న బ్యాలెట్ పెట్టెలు విప్పారు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్టు పోతుంది. పోయింది. మా ఆవిడ ఓటు నాకే వేసిందంటుంది. నేను నమ్ముతున్నాను, ఎందుకంటే బావమరిది ఇంటి ఓట్లు ఎటు పోయాయో నాకు స్పష్టంగా తెలుసు.

అదే ఏడాది అక్టోబరు 2న చెత్త మీద కూడా నెలనెలా రుసుము పెట్టారు. 2024 అక్టోబరు 2న అది ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. పెట్టినా తీసినా గాంధీ జయంతి నాడే. పైనున్న గాంధీ గారికి చీరాల మాట ఇంకా గుర్తుందో ఏమో.

ఓడిపోయినవాడి మాట ఎవరూ వినరు గానీ, ఒక్క సంగతి మాత్రం లెక్కలు రాసినవాడిగా చెప్పి తీరాలి. నామినేషన్ వెయ్యాలంటే మునిసిపాలిటీకి బకాయి ఉండకూడదు. ఆ వారం మా ఊళ్లో పన్ను కౌంటరు ముందు కట్టిన క్యూ నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. ఏళ్ల తరబడి రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకి తలుపు తియ్యని పెద్దమనుషులు వడ్డీతో సహా కట్టి రసీదు జేబులో పెట్టుకుని వెళ్లారు. అందులో గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఇద్దరూ ఉన్నారు, మునిసిపాలిటీకి మాత్రం ఇద్దరి డబ్బూ ఒకటే. అందుకని పాఠకులకి నా విన్నపం: వచ్చే ఎన్నికల్లో మీ వార్డులో మీరందరూ నామినేషన్ వెయ్యండి. ఓటు ఎవరికైనా వేసుకోండి.