మిద్దె మండుతోంది, సీలింగ్ మెరుస్తోంది

రాప్తాడులో ఇప్పుడెవరూ ఇల్లు బాగుచేయించుకోవడం లేదు. ఇంటీరియర్ చేయించుకుంటున్నారు. బాగుచేయడానికైతే మేస్త్రీ వచ్చి, కారుతున్న చోట గోడ తట్టి చూస్తాడు. ఇంటీరియర్‌కు ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు వస్తాడు. అతను గోడకేసి చూడనే చూడడు. చూసే పనేముంది? తెర మీద మీ ఇల్లు అప్పటికే పూర్తయి ఉంటుంది. పోర్టికోలో కారు, కిటికీ అవతల పచ్చిక, ఆ వెనకాల నీలంగా సముద్రం. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, 44వ నంబరు జాతీయ రహదారి పక్కన, సముద్రం!

ఆ తెర చూపించి మూడు మాటలు చెబుతాడు. ‘ఇటాలియన్ ఫినిష్ సార్. మెయింటెనెన్స్ ఏమీ ఉండదు. ఇల్లు కూల్‌గా ఉంటుంది.’ ఈ మూడు మాటలకే చెనక్కాయ డబ్బులు, కూతురి పేరు మీద దాచిన డబ్బులు కలిపి అడ్వాన్సు ఇచ్చేస్తున్నాం.

ముందు ఇటలీ సంగతి. కరారా కొండల్లో పాలరాయి తవ్వేది నిజమే. మన గడప దాటేది మాత్రం చాలావరకు గుజరాత్ మోర్బీలో లారీ ఎక్కిన టైలు. దాని మీది చారలు వేసింది కొండ కాదు, ఇంక్‌జెట్ యంత్రం. హాలంతా పరిచాక తీరిగ్గా చూడండి, సోఫా కింద ఉన్న చారే టీవీ కింద, అదే మలుపుతో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. మోర్బీ టైలు గట్టి సరుకే, దాన్ని తప్పుపట్టను. తమాషా అంతా ఆ టైలు కోసం పెకలించి పారేసే బండ దగ్గరుంది. ఇదే జిల్లా తాడిపత్రి నుంచి వచ్చిన నల్లబండ అది. బెంగళూరులో పేరున్న ఆర్కిటెక్టులు దాని జాతి రాయినే కడప స్టోన్ అని ఏరికోరి తెప్పించి పరుస్తున్నారు. రాప్తాడులో దాని చోటు దొడ్డి. బట్టలుతకడానికి ఒకటి, ఎనుము కాళ్ల కింద రెండు.

పులుపు పడితే ఆ బండ పాడవుతుందంటారు. అవును, అది సున్నపురాయే. పాలరాయి పుట్టిందీ సున్నపురాయి నుంచే. చింతపులుసు ఒలికితే నల్లబండను నూనెగుడ్డతో తుడిచి ఊరుకుంటాం. మెరిసే పాలరాయి మీద ఒలికితే పాలిష్ మిషన్ దిగాల్సిందే.

ఇక మెయింటెనెన్స్. ఆషాఢం గాలి ఎలా వీస్తుందో రామగిరి కొండల మీది గాలిమరల్ని అడగండి. ఆ గాలి మన ఎర్రమట్టిని మోసుకొచ్చేది సరిగ్గా ఈ తెల్లటి హైగ్లాస్ టైలు మీదికే. పొద్దున తుడిస్తే పదింటికల్లా దాని మీద పిల్లి అడుగులు లెక్కపెట్టొచ్చు. బాత్రూంలో నల్ల మ్యాట్ కొళాయిలు, గాజు పార్టిషన్, నెత్తిన రెయిన్ షవర్. వెయ్యి అడుగుల బోరులోంచి వచ్చే ఉప్పునీళ్లకు నెల తిరక్కముందే కొళాయికి విభూతి రేఖలు, గాజుకు శాశ్వతమైన పొగమంచు. చదరపు అడుగు లెక్కన డబ్బు తీసుకున్నవాడు తుడవడానికి రాడు. తుడిచేది ఎవరో మీకు తెలుసు.

వంటింటి సంగతి ఇంకా గొప్పది. పాత వంటిళ్లలో గోడకు కడప బండతో అరలు ఉండేవి. చెదలు రాతిని తినవు. తడి తగిలితే రాయి ఉబ్బదు. కొడుకు పెళ్లినాటికి కట్టిన అర మనవడి పెళ్లికీ అలాగే ఉండేది. దాన్ని సమ్మెటతో పగలగొట్టి పార్టికల్ బోర్డు పెడుతున్నాం, అంటే రంపపుపొట్టుకు జిగురు కలిపి అచ్చుపోసిన అట్ట. పైన యాక్రిలిక్ మెరుపు. సింకు కింద పైపు నాలుగు రోజులు చెమరిస్తే చాలు, అట్ట పూరీలా పొంగుతుంది. ఒక ఇంట్లో అవ్వ తెరకేసి చాలాసేపు చూసి అడిగింది: ‘చెనిక్కాయ మూటలు యాడ దించాల నాయనా?’ కుర్రాడు వేలితో ఇల్లంతా తిప్పి చూశాడు. ఎక్కడా చోటు లేదు. ‘స్టోరేజ్ యాడ్ చేద్దాం అవ్వా, దానికి రేటు వేరే’ అన్నాడు.

అసలు మోసం మూడో మాటలో ఉంది. ‘కూల్‌గా ఉంటుంది.’ పదడుగుల ఎత్తున్న స్లాబ్ కింద అడుగు దించి జిప్సం బోర్డు కొడతారు, గాడిలో కోవ్ లైట్లు పెడతారు. జాతీయ భవన నిర్మాణ నియమావళి మనుషులుండే గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తు ఉండాలంటుంది. అంటే తొమ్మిదడుగులు. పదడుగుల గది పెట్టుకుని, కోరి డబ్బిచ్చి ఆ అడుగంచుకు దిగుతున్నాం. ఎండ పడేది స్లాబ్ పైన, వైద్యం చేసేది స్లాబ్ కింద. మధ్యలోని గాలిపొర కాస్త వేడిని ఆపుతుంది, కాదనను. కానీ పగలంతా కాలిన స్లాబ్ రాత్రంతా ఆ వేడిని కక్కుతూనే ఉంటుంది. కిందికి దిగిన ఫ్యాను ఆ గాలినే తిప్పుతుంది. అప్పుడు కుర్రాడే సలహా ఇస్తాడు, ‘టన్నున్నర ఏసీ పెట్టించండి సార్.’ చల్లబరిచేది ఏసీ, పేరు సీలింగ్‌కు. ఈలోగా కోవ్ లైట్ గాడిలో బల్లులు వెచ్చగా సంసారం పెట్టి, బల్లిశాస్త్రానికి మళ్లీ గిరాకీ తెస్తాయి.

పైకప్పును చూసి మురిసిపోవడం ఈ సీమకు కొత్త కాదు. లేపాక్షి వీరభద్రస్వామి గుడి మండపం కప్పు మీద 16వ శతాబ్దంలో వేసిన బొమ్మల్ని ఇప్పటికీ మెడలు నొప్పిపుట్టేదాకా చూస్తున్నాం. అయితే ఆ పనివాళ్లు ముందు మండపం నిలబెట్టారు, తర్వాతే రంగు కలిపారు.

పాత మట్టిమిద్దెల్నే పట్టుకు వేలాడమనడం లేదు. చౌడు మిద్దె కింద బతికినవాళ్లకు ఆ బాధ తెలుసు. వానలకు ముందు చౌడు మట్టి తెచ్చి పోయాలి, రాతిగోడ సందుల్లో తేళ్లు, పేడతో అలికి అలికి ఆడవాళ్ల నడుములు విరిగేవి. నున్నటి నేల కావాలనుకోవడం, వెలుతురు కావాలనుకోవడం న్యాయమైన కోరికలు. కానీ ఆ మిద్దె కట్టినవాడికి ఎండ ఎటునుంచి వస్తుందో తెలుసు. అందుకే దూలాల మీద దంతెలు పరిచి, వాటి మీద మందంగా మట్టి వేశాడు. వేడిగాలి పోవడానికి, వెలుతురు రావడానికి కప్పులో గవాచి పెట్టాడు. మనం గవాచిని మూసేసి, అదే చోట సూర్యుడి ఆకారంలో ఎల్ఈడీ బిగించుకున్నాం.

చల్లదనమే కావాలంటే ఖర్చు తక్కువ మార్గం మిద్దె మీదే ఉంది. తెల్ల సున్నం పూతలు, లేదా ఎండను తిప్పికొట్టే తెల్ల టైలు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. పడమటి గోడకు నీడ, కిటికీకి సజ్జ, సాధ్యమైతే ఒక వేపచెట్టు. వీటిలో ఏదీ కొటేషన్‌లో కనిపించదు. సున్నంలో కమీషన్ లేదు. మిద్దె పైభాగం గృహప్రవేశం ఫొటోల్లో పడదు.

కాబట్టి కొటేషన్ తెచ్చిన కుర్రాణ్ణి కసురుకోవద్దు. మజ్జిగ ఇవ్వండి, కూర్చోబెట్టండి. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం రెండు గంటలు, చెప్పులు కిందే విడిచి ఒకసారి మిద్దె ఎక్కి రమ్మనండి. దిగొచ్చాక అతనే చెబుతాడు, పని ఎక్కడ మొదలుపెట్టాలో.