పత్రికలూ నామినేషన్ వేయాలి!

ఎన్నికల సభకు జనం ఎంతమంది వచ్చారో తెలియాలంటే ఒక పత్రిక కొంటే చాలదు. ఒకదాంట్లో ‘పోటెత్తిన జనసంద్రం’, రెండోదాంట్లో ‘వెలవెలబోయిన సభ’. మైదానం అదే, సాయంత్రం అదే, మాట్లాడిన నాయకుడూ ఆయనే. ఒక ఫొటోగ్రాఫర్ వేదిక ముందున్న గుంపును జూమ్ లెన్స్‌తో లాగి తలకు తల ఆనించాడు. ఇంకొకాయన సభ మొదలవక ముందే వచ్చి, వెనక వరసల్లో ఎండ కాగుతున్న ప్లాస్టిక్ కుర్చీలను ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు. కెమెరా ఎటు తిప్పాలో ఇంటి దగ్గరే తెలుసుకుని వచ్చారు, అంతే.

భాషా అంతే. మనవాడు ఊరేగితే జనం బ్రహ్మరథం పట్టారు. అవతలివాడు ఊరేగితే ట్రాఫిక్‌లో జనం నరకం చూశారు. మన పార్టీలోకొస్తే చేరికల జోరు, పోతే గోడ దూకుడు. అసమ్మతి వాళ్లింట్లో భగ్గుమంటుంది, మనింట్లో చల్లారుతుంది.

ఇది నిన్న మొన్నటి రోగం కాదు. 1982లో ఎన్టీఆర్ చైతన్య రథమెక్కితే ఈనాడు వెంట నడిచింది. వైఎస్ ‘ఆ రెండు పత్రికలు’ అంటే ఏ రెండో పిల్లలకూ తెలిసేది. 2008లో ఆయన కుటుంబం నుంచే సాక్షి వచ్చింది. అయినా పాఠకుడికి అందులో ఒక సుఖముంది: ఏ పత్రికది ఏ గోత్రమో తెలుసు, దానికి తగ్గట్టు చదువుకుంటాడు.

చిక్కంతా డబ్బు పుచ్చుకుని వార్త వేసే ప్యాకేజీతో వచ్చింది. అభిమానమైతే ఒకరి మీదే ఉంటుంది, ప్యాకేజీకి ఆ పట్టింపు లేదు. జిల్లా ఎడిషన్‌లో పైన ఒకాయన గెలుపు ఖాయం, అదే పేజీ అడుగున ఆయన ప్రత్యర్థి గెలుపూ ఖాయం. 2009లో మహారాష్ట్ర ముఖ్యమంత్రి అశోక్ చవాన్‌ను పొగిడే కథనం ఇంచుమించు ఒకే అక్షరాలతో మూడు వేర్వేరు పత్రికల్లో వచ్చిందని పాత్రికేయుడు పి. సాయినాథ్ బయటపెట్టారు. అది కొన్న వార్త కాదని చవాన్ వాదన. పత్రికా ప్రకటనలకు ఆయన చూపిన ఖర్చు 5,379 రూపాయలు. ఇంత చవకగా ఎవరికైనా పెళ్లి శుభలేఖలైనా అచ్చవుతాయా?

ఆ ఏటి ఎన్నికల మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో విచారణ చేయించింది: పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాసరెడ్డి. పత్రికల పేర్లతో సహా వాళ్లు 71 పేజీలు రాసిచ్చారు. కౌన్సిల్ దాన్ని పక్కనపెట్టి 2010 జులైలో పొట్టి నివేదిక ఒకటి ఆమోదించింది. పెద్దది బయటికి రావడానికి సమాచార కమిషన్ ఆదేశం కావాల్సొచ్చింది. పేర్లు అచ్చేయడమే వృత్తిగా ఉన్నవాళ్లకు తమ పేర్లు అచ్చులో చూసుకోవాలంటే ఎంత సిగ్గో!

చట్టం కరపత్రం మీద మాత్రం మహా కఠినం. దాని మీద ముద్రాపకుడి పేరు, చిరునామా లేకపోతే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ కింద నేరం. పోలింగ్ రోజున, ముందు రోజున పత్రికలో పార్టీ ప్రకటన వేయాలంటే ముందే ఎన్నికల సంఘం కమిటీ అనుమతి తీసుకోవాలి. వార్తకు ఇవేవీ అక్కర్లేదు. అందుకే ప్రకటన చొక్కా మార్చుకుని, బైలైన్ తగిలించుకుని, దర్జాగా మొదటి పేజీకి వస్తుంది.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. పోటీలో దిగాక దాపరికమెందుకు, పత్రికలూ నామినేషన్ వేయాలి. అఫిడవిట్‌లో యజమాని ఆస్తులు, కాంట్రాక్టులు, అందిన సర్కారీ ప్రకటనల లెక్క రాయాలి. బి-ఫారం ఎవరిచ్చారో పత్రిక పేరు పక్కనే, గుర్తుతో సహా వేయాలి. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల హద్దుంది. పత్రికకూ ఒక గీత గీయాలి.

డిపాజిట్ కూడా కట్టించుకోవాలి. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాని అభ్యర్థికి డిపాజిట్ గల్లంతు. పత్రికకూ అదే సూత్రం: ప్రచారం రోజుల్లో అచ్చేసిన వాటిలో ఆరో వంతు నిజమని తేలితే డబ్బు వాపసు. ఈ షరతు మరీ అన్యాయమని యాజమాన్యాలు అనుకుంటే అభ్యంతరాలు రాసి పంపవచ్చు, ఇక్కడే వేస్తాం. రేటు మామూలే. కింద ‘ప్రకటన’ అని మాత్రం పెద్దక్షరాల్లో ఉంటుంది.